తంజావూరు గుడి నీడ, ట్రైప్ కెమెరా

తంజావూరు పెద్ద గుడి శిఖరం నీడ నేల మీద పడదని మీరూ వినే ఉంటారు. చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాట చెబుతూనే ఉన్నారు. ఎండ కాసే రోజు పొద్దున్నే ఆవరణలో నిలబడి ఒక్క ఫోటో తీస్తే తేలిపోయే విషయమిది. 60 మీటర్లకు పైగా ఎత్తున్న కట్టడం నీడ పొడుగ్గా నేల మీదే పడుతుంది. ఏప్రిల్, ఆగస్టు నెలల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే మధ్యాహ్నాల్లో మాత్రం, పైకి పోయేకొద్దీ సన్నబడే శిఖరం నీడ దాని కింది అంతస్తుల మీదే ఆగిపోతుంది. ఇందులో మహత్యమేమీ లేదు.

ఈ గుడిని తొలి రోజుల్లోనే ఫోటోలు తీసినవాళ్ళలో ఒకడు లినేయస్ ట్రైప్. మద్రాసు సైన్యంలో అధికారి, ప్రభుత్వ ఫోటోగ్రాఫరు. 1858లో మైనం పట్టించిన కాగితపు నెగటివ్‌లతో శ్రీరంగం, మధుర, తంజావూరు కట్టడాలని తీశాడు. తంజావూరులో శిఖరంతో సరిపెట్టుకోలేదు. విమానం అడుగుభాగంలో చెక్కిన శాసనాలని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు అతికించి, దాదాపు 19 అడుగుల పటం చేశాడు. ఇదంతా ఖరీదైన విలాసమని గవర్నరు ట్రెవెల్యాన్ ఆ శాఖనే మూయించాడు.

ఇంతకీ ఆ గోడ మీద ఏముంది? స్థలపురాణమేమో కరికాల చోళుడికి కుష్ఠు నయమైన కథ చెబుతుంది. జర్మన్ పండితుడు హుల్ట్‌జ్ 1891 నుంచి అచ్చు వేయించిన శాసనాల్లో మాత్రం, కట్టించింది రాజరాజ చోళుడని స్పష్టంగా ఉంది. గుడి పూర్తయింది 1010లో. అంతేకాదు, వేర్వేరు ఊళ్ళ గుళ్ళ నుంచి తెచ్చిన 400 మంది నాట్యకత్తెల పేర్లు, వాళ్ళ వీధులు, ఒక్కొక్కరి వంతు 100 కలాల వడ్లు అన్న లెక్క కూడా ఉన్నాయి. నీడ కథలో వీళ్ళెవరూ కనిపించరు. మహత్యం చెప్పుకుంటూ మనం పోగొట్టుకునేది ఈ మనుషుల్నే.

అయితే ఫోటో అనగానే నమ్మేయడమూ హేతువాదం కాదు. ట్రైప్ తన నెగటివ్‌ల మీద ఆకాశంలో మేఘాలని కుంచెతో దిద్దేవాడు! ఆయన మేఘాలని ఇవాళ సరిచూడలేం. అక్షరాలని సరిచూడగలం, ఎందుకంటే గోడ ఇంకా అక్కడే ఉంది. సాక్ష్యానికీ మహత్యానికీ తేడా అదే. ఈసారి తంజావూరు వెళితే, పైన శిఖరం చూశాక ఒక్కసారి కిందా చూడండి.