దగ్గర చుట్టరికానికి ఒక కొలత

అమీర్‌పేటకు ఆనుకొని ఉన్న బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆసుపత్రి వెలసినవి. ఇటువంటి చోట్ల గీసే వంశవృక్షాలలో పురుషునికి చతురస్రం, స్త్రీకి వృత్తం గుర్తు. భార్యాభర్తలు ముందునుంచే రక్తసంబంధులైతే వారిమధ్య జంటగీత గీస్తారు. ఆ సంబంధం ఎంత దగ్గరిదో అంకెలలో చెప్పే పద్ధతి మాత్రం మనుషులకోసం పుట్టినది కాదు. అది పశువుల పెంపకంలో పుట్టినది.

ఇంగ్లండులో చార్లెస్ కాలింగ్ అనే రైతు షార్ట్‌హార్న్ జాతి పశువులను పెంచేవాడు. 1804లో పుట్టిన అతని ఆంబోతు కామెట్ 1810 వేలంలో 1000 గినీలు పలికింది. దాని తండ్రి ఫేవరిట్. తల్లి యంగ్ ఫీనిక్స్. ఈ యంగ్ ఫీనిక్స్ ఎవరనుకొన్నారు? ఫేవరిట్‌కు తన సొంత తల్లి ఫీనిక్స్‌వల్ల కలిగిన పెయ్య! మేలురకం లక్షణాలు నిలవాలని పెంపకందార్లు ఇట్లా చేసేవారు. కాని ఎంత దగ్గరైతే ముప్పో చెప్పే సాధనం వారికి లేదు.

దానిని 1922లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు సెవాల్ రైట్ ఇచ్చాడు. అప్పుడాయన అక్కడి వ్యవసాయశాఖలో గినీపందులపై పరిశోధన చేస్తున్నాడు. తండ్రినుంచి ఉమ్మడి పూర్వీకుని మీదుగా తల్లివరకు ఎన్ని మెట్లున్నవో లెక్కించి, ఒకటి కలిపి, 1ని అన్నిసార్లు సగం చేయాలి. ఒకటికంటె ఎక్కువ దారులుంటే వాటి ఫలితాలను కూడాలి. ఫేవరిట్‌నుంచి కూతురికి నేరుగా ఒక్క మెట్టు: 1/4. ఫీనిక్స్ మీదుగా రెండు మెట్లు: 1/8. కామెట్‌కు మొత్తం 3/8. ఇంకా పై తరాల చుట్టరికం కలిపితే ఇది మరింత పెరుగుతుంది. ఏదైనా ఒక జన్యుస్థానంలో తల్లినుంచి, తండ్రినుంచి వచ్చిన రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని జన్యువు నకళ్లయ్యే సంభావ్యత ఇదే.

కుక్కల పెంపకంలోను ఇదే లెక్క. తోబుట్టువులను కలిపితే పిల్లలకు 1/4. తండ్రి మాత్రమే ఒకటైతే 1/8. తోబుట్టువులకు గాని, తలిదండ్రులతో సంతానానికి గాని పుట్టిన కుక్కపిల్లలను నమోదు చేయరాదని లండన్‌లోని కెన్నెల్ క్లబ్బు 2009లో నిర్ణయించింది. ఆ సంస్థ 1873లో ఏర్పడింది. నిర్ణయానికి చాలాకాలమే పట్టినదనాలి.

ఈ సూత్రంతోనే తెలుగుదేశపు పెండ్లిండ్లను పరిశీలించినవారు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్. 1957లో భారతదేశానికి వచ్చిన ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్‌కు ద్రోణంరాజు శిష్యుడు. ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై వారి వ్యాసాలు 1960నుంచి వెలువడినవి. మేనత్త, మేనమామ బిడ్డల పెండ్లివల్ల కలిగే సంతానానికి భిన్నం 1/16. మేనమామ, మేనకోడళ్ల సంతానానికి 1/8.

1/8 అంటే ఎనిమిదిమందిలో ఒకరికి జబ్బు అని కొందరు భయపడతారు. అది పొరపాటు. ఉమ్మడి తాతగారిలో ఒక అంతర్గత వ్యాధిజన్యువు దాగి ఉన్నదనుకొందాం. మేనరికపు మనుమలు ఒక్కొక్కరికి అది చేరే అవకాశం 1/4; ఇద్దరికీ చేరడం 1/16; అప్పుడు బిడ్డకు జబ్బురావడం అందులో నాలుగోవంతు. అంటే ఆ ఒక్క జన్యువువల్ల 1/64. మేనమామ పెండ్లిలో 1/32.

వంశవృక్షం జ్ఞాపకమున్నంతవరకే పోతుంది. నేడు డి. ఎన్. ఎ.లోనే రెండు ప్రతులూ ఒకటిగా ఉన్న పొడవైన భాగాలను కొలవవచ్చును. హైదరాబాదులోని సి. సి. ఎం. బి. శాస్త్రజ్ఞులు పాలుపంచుకొన్న ఒక పరిశోధన 2017లో వెలువడింది. దక్షిణాసియాలోని పెక్కు సమూహాలు కొద్దిమంది పూర్వీకులనుంచే విస్తరించి, తరతరాలుగా తమలో తామే వియ్యమందుకొన్నవని అది చూపింది. అట్టిచోట మేనరికం కాని పెండ్లిలో సైతం ఇరువైపులా ఒకే అరుదైన జన్యువు ఎదురుపడవచ్చును.