అక్స్, తస్వీర్, నికాన్ డి1

వజ్రకరూరులో ముంగారు వాన పడితే రైతులు బుడ్డల విత్తనం కోసం పరుగెత్తుతారు, ఊరితో సంబంధం లేని జనం చేల మీద పడతారు. ఎర్రమట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయి. వాటిలో మెరిసేది ఒక్కటి దొరికితే చాలని ఎక్కడెక్కడి నుంచో పిల్లాజెల్లాతో వచ్చి, నడుం వంచి, చాళ్ల వెంబడి నడుస్తారు. భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టాలు ఇక్కడ ఉన్నాయని జియలాజికల్ సర్వే వాళ్లు ఎప్పుడో తేల్చారు. వచ్చే జనానికి ఆ లెక్కలతో పనిలేదు. నసీబ్ ఒక్కటే లెక్క.

2003 జూన్‌లో, దేశమంతా ఎండిన 2002 కరువు తర్వాత పడిన తొలి వానకు, ఆ చేలల్లో నేనూ ఉన్నాను. మెడలో కిలోకు పైగా బరువున్న కెమెరా. నికాన్ డి1. మా అఖ్బార్ హైదరాబాద్ ఆఫీసు వాడి వాడి వదిలేస్తే జిల్లాకు చేరిన సరుకు. నేను రిపోర్టర్‌ని. మా ఫోటోగ్రాఫర్ సాబ్ జ్వరంతో పడుకున్నారు, వజ్రకరూరు నా సొంతూరు, అందుకని కెమెరా నాకిచ్చి పంపారు. ఆ రోజు సాయంత్రం దాని వెనకున్న ఒక బటన్‌ను రెండుసార్లు నొక్కాను. ఆ నొక్కుడు సంగతి చెప్పాలంటే ముందు కెమెరా సంగతి చెప్పాలి.

మన గ్రూపుల్లో ఏడాదికోసారైనా తిరిగే మెసేజ్ ఒకటుంది. కెమెరా అనే మాట అరబీ 'ఖమ్రా' నుంచి పుట్టిందని. కాదు. అది లాటిన్ మాట, గది అని అర్థం. లేని ఘనత తెచ్చిపెట్టుకోవాల్సిన మజ్బూరీ మనకు లేదు, ఉన్నదే బోలెడంత. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కింద, గ్రహణం వేళ సూర్యుడి వెలుగు చిన్న రంధ్రంలోంచి చీకట్లోకి వచ్చి నెలవంకలా ఎందుకు పడుతుందో లెక్కగట్టి రాశాడు. చూపు కంటిలోంచి బయటికి పోదు, వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని దలీళ్లతో నిలబెట్టిన 'కితాబుల్ మనాజిర్' ఆయనదే. అయితే గోడ మీద పడిన ఆ అక్స్‌ను పట్టి ఉంచే ఉపాయం ఆ జమానాలో ఎవరికీ లేదు. ఎదుటి వస్తువు తప్పుకుంటే అక్స్ కూడా పోతుంది. పట్టి నిలిపిన రోజున అది తస్వీర్ అయింది. ఉర్దూ స్కూల్లో చదివే రోజుల్లో ఈ రెండు మాటలూ ఒకటే అనుకునేవాణ్ణి. ఫోటోగ్రాఫర్‌ని అక్కాస్ అంటాం కదా, అక్స్ నుంచే.

పట్టి నిలిపే మందు 19వ శతాబ్దంలో దొరికింది. వెండి లవణాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు అక్కాస్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద పనిచేసింది వాటితోనే. మన చిన్నప్పటి స్టూడియోల్లో వాడిన, ఊటీలో తయారైన 'ఇందు' ఫిల్ములోనూ ఆ వెండే. వెలుగు తగిలిన చోట నల్లబడుతుంది, మందుల్లో కడిగితే నిలిచిపోతుంది.

వెండి లేకుండా పట్టొచ్చని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దారి చూపించారు. వాళ్ల సీసీడీకి 2009లో నోబెల్ వచ్చింది. అదెలా పనిచేస్తుందో మన అనంతపురం వాళ్లకు సులభంగా చెప్పొచ్చు. వాన పడేటప్పుడు మిద్దె మీద వరసగా వందల బిందెలు పెట్టారనుకోండి. వాన వెలిశాక ఒక్కో బిందెలో నీళ్లు పక్క బిందెలోకి, అందులోవి దాని పక్కదాంట్లోకి పోస్తూ, చివర్లో కూర్చున్న మనిషి ఒక్కోదాన్ని కొలిచి కాగితం మీద రాసుకుంటాడు. బిందెలు సిలికాన్ మీది చిన్న గళ్లు. వాన వెలుగు. ఆ కాగితమే ఫోటో. గళ్లకు రంగు తెలియదు కాబట్టి, కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ సగం గళ్ల మీద పచ్చ, పావు ఎరుపు, పావు నీలం అద్దాలు పెట్టే పద్ధతికి 1976లో పేటెంట్ తీసుకున్నాడు. మీ జేబులో ఉన్న ఫోన్‌లోనూ ఇవాళ్టికీ దాదాపు అదే పద్ధతి.

కొడాక్ కిస్సా వింటే జాలేస్తుంది. 1975లో ఆ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన కెమెరాలో 100 అడ్డం, 100 నిలువు, మొత్తం 10,000 గళ్లు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. ఫిల్ము అమ్ముకుని బతికే ఇంట్లో ఫిల్ము అక్కర్లేని బిడ్డ పుట్టింది. ఆ బిడ్డను ఏం చేయాలో ఇంట్లోవాళ్లకు తోచలేదు. 1991లో నికాన్ ఎఫ్3 వెనక 1.3 మెగాపిక్సెల్ సెన్సర్ తగిలించి డీసీఎస్ అనే పేరుతో అమ్మారు. ధర 20,000 డాలర్లు, ఆ పైన. బొమ్మలు దాచడానికి వేరే డబ్బా, అందులో 200 మెగాబైట్ల హార్డ్ డిస్కు, తీగతో కెమెరాకు కట్టి భుజానికి వేసుకోవాలి. 1994లో అసోసియేటెడ్ ప్రెస్‌తో కలిసి అఖ్బార్ల కోసమే ఎన్‌సీ2000 తెచ్చారు. అదీ నికాన్ ఎఫ్90 మీద కట్టినదే. 1995లో నికాన్, ఫుజీ కలిసి చేసిన కెమెరా లోపల అదనపు అద్దాలు నింపుకుని ఇటుకలా తయారైంది. అన్నీ ఎరువు ఇళ్లే. ఒకరి ఒళ్లు, ఇంకొకరి కళ్లు.

1999 జూన్‌లో నికాన్ సొంతంగా, ఫిల్ము కెమెరాను కోసి అతికించకుండా, మొదటి నుంచి డిజిటల్ కోసమే గీసిన ఎస్ఎల్ఆర్ ప్రకటించింది. అదే డి1. జపాన్‌లో ధర 6,50,000 యెన్లు. అప్పటి మన రూపాయల్లో రెండు లక్షలు దాటిన మాటే. అయినా కొడాక్ ధరల పక్కన పెడితే సగంలో సగం. చిన్న అఖ్బార్లకు కూడా కొనాలన్న ఆశ పుట్టింది అక్కడే.

ఇవాళ్టి పిల్లలకు డి1 కొలతలు చెబితే నవ్వుతారు. 2.7 మెగాపిక్సెల్. బొమ్మ 2000 గళ్ల వెడల్పు, 1312 ఎత్తు. కానీ అఖ్బార్ కాగితం మీద అంగుళానికి 200 గళ్లు ఉంటే ఎక్కువ, అంటే 10 అంగుళాల వెడల్పు ఫోటో సాఫీగా వేసుకోవచ్చు. జిల్లా పేజీలో అంత పెద్ద ఫోటో పడాలంటే ముఖ్యమంత్రి రావాలి, లేదా బస్సు లోయలో పడాలి. సెకనుకు 4.5 ఫోటోల చొప్పున వరసగా 21 తీస్తుంది. 1959 నుంచి వస్తున్న నికాన్ ఎఫ్ మౌంటే కాబట్టి సాబ్ దగ్గరున్న పాత లెన్సులే పెట్టుకోవచ్చు. మేము లాభపడింది ముఖ్యంగా ఇక్కడే, లెన్సులు మళ్లీ కొనే హైసియత్ ఎవరికుంది? సెన్సర్ ఫిల్ము కంటే చిన్నది, అందుకని ప్రతి లెన్సూ ఒకటిన్నర రెట్లు దగ్గరికి లాగేది. 50 కాస్తా 75 అయ్యేది. దూరం నుంచి ముఖాలు తీయడానికి బాగుండేది, చేను మొత్తం ఒక్క ఫోటోలో పట్టాలంటే వెనక్కి నడవాల్సి వచ్చేది.

నా మట్టుకు దాని అసలు గొప్ప మధ్యాహ్నపు ఎండలో తెలిసేది. మన సీమ ఎండకు తలగుడ్డ కింద మనిషి ముఖం నల్లగా పోతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టాలి. మంచి ఫిల్ము కెమెరాలే సెకనులో 250వ వంతు దగ్గర ఆగిపోయేవి, దాని మీద వేగం పెడితే ఫ్లాష్ వెలుగు సగం ఫోటోకే అందేది. డి1 500వ వంతులోనూ ఫ్లాష్ కొట్టేది. దాని సెన్సరే షట్టర్‌లా తెరుచుకుని మూసుకునేది, అందుకే 16,000వ వంతు దాకా పోగలిగేది. కూలీ మనిషి కళ్లు అఖ్బార్‌లో కనబడటం మామూలు ఖిద్మత్ కాదు.

ఐబ్‌లూ ఉన్నాయి. టీవీల కోసం పెట్టుకున్న ఎన్‌టీఎస్‌సీ రంగుల కొలతను దీంట్లో వాడారు. ఆఫీసు కంప్యూటర్‌లో తెరిస్తే ముఖాలు వంకాయ రంగుకు తిరిగేవి, వజ్రకరూరు ఎర్రమట్టి ఇంకేదో ముల్క్ మట్టిలా ఉండేది. 2001లో వచ్చిన డి1ఎక్స్, డి1హెచ్‌లలో సరిచేశారు గాని, మాకొచ్చింది పాతదే కదా. తెల్ల కుర్తా, తెల్ల టోపీ ఎండలో తీస్తే గుడ్డ మడతలన్నీ పోయి తెల్ల కాగితంలా మిగిలేది. ఫిల్ము అంత త్వరగా చేతులెత్తేయదు. గాలిలో లెన్సు మార్చామా, సెన్సర్ మీద దుమ్ము పడి ప్రతి ఫోటోలో అదే చోట ఒక మచ్చ. బ్యాటరీ పొద్దున నింపితే అసర్ నమాజు దాకా ఉంటుందో లేదో. ఊళ్లో కరెంటు రాత్రి ఏ జాముకొస్తుందో.

అన్నిటికంటే పెద్ద తంగీ కార్డుతో. మాకున్నది 64 మెగాబైట్లది ఒక్కటే. మంచి జేపెగ్ ఫోటో ఒకటి మెగాబైటు దాటుతుంది, కాబట్టి నలభై పైచిలుకు పడితే నిండిపోయేది. ఉర్దూలో మెమరీని యాద్దాష్త్ అంటాం. మా యాద్దాష్త్ అంతే.

అయినా ఆ కెమెరా మాలాంటి ఊళ్లకు చేసిన మేలు మర్చిపోలేను. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక పల్లె ఖబర్‌కు అఖ్బార్‌లో జాగా దొరికింది, ఫోటోకు మాత్రం బస్సు టైమే గతి. రోలు కవర్లో పెట్టి ఆర్టీసీ కండక్టర్ చేతికిస్తే అనంతపురం బస్టాండులో ఒకరు అందుకోవాలి, కడగాలి, ఆరబెట్టాలి. వానా గాలీ వచ్చి బస్సు ఆగితే మా ఊరి ఫోటో ఎల్లుండి పేపర్‌కు. 36 ఫోటోల రోలులో పదే తీసినా కోసి కడగాల్సిందే, మిగతా ఫిల్ము వృథా. డి1 వచ్చాక ఆ డార్క్ రూమ్ సామాను గదిగా మారింది. అందులో మందులు కలిపే అబ్బాయి రోజీ కూడా దాంతోపాటే పోయింది. ఆ సంగతి మాలో ఎవరూ ఖబర్‌గా రాయలేదు.

ఇక నా సంగతి. ఆ రోజు పొద్దున చేలకు పోయే ముందు ఇంటికి పోయాను. అబ్బాకు ఫోటోలంటే పడేది కాదు. జాన్‌దార్ తస్వీర్ తీయించుకోవడం ఆయన దృష్టిలో గునా. హజ్ పాస్‌పోర్టుకు మాత్రం జరూరత్ అని ఉలమా చెప్పిన మీదట గుంతకల్లు స్టూడియోలో ఒక్కసారి కూర్చున్నారు. డిజిటల్ వచ్చాక ఉలమాలో రెండు మాటలు నడిచాయి. తెర మీది బొమ్మ అద్దంలో అక్స్ లాంటిదే, కాగితం మీదికి ఎక్కితేనే తస్వీర్ అని కొందరు. ఎలా తీసినా తస్వీర్ తస్వీరే అని కొందరు. నేను ఆలిమ్‌ని కాను, ఎవరిది సరి అని చెప్పను. కానీ ఆ పొద్దున మొదటి మాట అబ్బాకు చెప్పి బతిమాలాను. మిషను ముందు కూర్చుని ఎవరిదో పైజామా కుడుతున్నారు. సేపు ఆలోచించి ఒక్క షరతు పెట్టారు.

"కాగజ్ పో నక్కో, బేటా."

కాగితం మీదికి ఎక్కించనని మాటిచ్చి తీశాను. వెనకున్న రెండంగుళాల తెర చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసి దగ్గరగా చూశారు. ఆయన చెయ్యి తనంతట తాను గడ్డం మీదికి పోయింది. అద్దం ముందు సర్దుకున్నట్టు సర్దుకున్నారు.

సాయంత్రానికి చేలల్లో జనం పెరిగారు. వజ్రం దొరికినవాడు ఫోటోకు నిలబడడు, దొరకనివాళ్లే నిలబడతారు. వెలుతురు వాలుతుండగా ముగ్గురు ఆడవాళ్లు చీర కొంగుల్లో రాళ్లు పోసుకుని వరసగా వస్తున్నారు, వెనక మబ్బు. కార్డు నిండిపోయింది. వెనక్కి తిప్పుతూ పనికిరానివి చెరిపేస్తూ పోయాను. అబ్బా ముఖం వచ్చింది. అఖ్బార్‌కు పనికిరాదు. ఇల్లు అల్లంత దూరంలోనే ఉంది, రేపు మళ్లీ తీయొచ్చు. చెత్తబుట్ట బొమ్మ ఉన్న బటన్ ఒకసారి నొక్కితే నిజంగానా అని అడుగుతుంది. రెండోసారి నొక్కాను.

చెరిపినా బొమ్మ వెంటనే పోదని, పేర్ల పట్టికలో గుర్తు మాత్రమే పోతుందని, దాని మీద ఇంకోటి పడేదాకా వెనక్కి తెచ్చుకోవచ్చని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికేం లాభం? ఆ సాయంత్రమే ఇంకో ఇరవై తీశాను. ముగ్గురు ఆడవాళ్ల ఫోటో జిల్లా పేజీలో రెండు కాలమ్‌లలో పడింది.

మర్నాడు కెమెరా సాబ్ చేతికి పోయింది. కొన్ని రోజుల తర్వాత అబ్బా అడిగారు, "హై క్యా ఓ అక్స్?" అని. హై అన్నాను. తర్వాత మూడేళ్లు బతికారు, ఎన్నో సార్లు కెమెరాతో ఊరికి పోయాను, మళ్లీ అడగడానికి నోరు రాలేదు. అడిగితే మొదటిది ఏమైందని చెప్పాలి కదా. 2006లో ఆయన ఇంతకాల్ అయ్యాక అమ్మీ ట్రంకుపెట్టెలోంచి స్టూడియో కవరు తీసింది. అందులో పాస్‌పోర్టు నెగటివ్, గీత కూడా పడకుండా ఉంది. బిగుసుకుని కూర్చుని కెమెరాకు భయపడుతున్న అబ్బా.

ఫిల్ము కంపెనీల రాజు కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసినప్పుడు మా సాబ్ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. ఆయన రిటైరయ్యాక ఒకసారి ఇంటికి పోయాను. ఆఫీసు తుక్కు కింద రాసేసిన డి1ను అడిగి తెచ్చుకుని బీరువాలో పెట్టుకున్నారు. దాని 50 లెన్సు ఇప్పటికీ మనవడి కొత్త నికాన్ మీద పనిచేస్తోంది. కెమెరా బ్యాటరీ మాత్రం ఛార్జ్ పట్టడం మానేసి చాలా కాలమైంది. అడక్కుండానే కార్డు పెట్టే మూత తెరిచి చూశాను. ఖాళీ.