పేకాటగాని ప్రజ్ఞ

విద్వద్గద్వాల యని పేరొందిన సంస్థానమునందును, వనపర్తి సంస్థానమునందును పూర్వము కవిపండితులకు, అవధానులకు జరిగిన గౌరవము చదువరు లెఱిగినదే. ఒకవైపు పద్యము చెప్పుచు, వేఱొకవైపు చదరంగ మాడుచు, నడుమ మ్రోగిన గంటల లెక్క తప్పక చెప్పు ధారణాశక్తిని సభలు మెచ్చుచుండెడివి. అట్టి సీమలో, గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలులలో, నేటి యువకుడు పేకాటలో లోకప్రసిద్ధి గాంచిన యొకనిని చూచి ముగ్ధుడైనచో మేము వెంటనే కోపింపము. అతడు మెచ్చునదియు ధారణయే, నిబ్బరమే. అయితే ఆ మెప్పు దేనికి చెల్లవలెను, ఎంతవరకు చెల్లవలెను? దీనికి చరిత్ర యేమి చెప్పునో చూతము.

మన పూర్వు లీ నేర్పు నెఱుగనివారు కారు. భారతమున వనపర్వమందలి నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఎంచి చెప్పి, అక్షహృదయ మను విద్యను నలున కుపదేశించును. పాచికల పాటు కేవలము దైవాధీనము కాదనియు, అందొక లెక్క కలదనియు ఆ కథ తెలుపుచున్నది. నలుడు రాజ్యము నోడి దమయంతితో అడవి పాలైన సంగతిని తెలుపునదియు ఆ కథయే.

మన కాలమున ఈ చర్చ న్యాయస్థానముల కెక్కినది. 1963 మే నెలలో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ యాడుచున్నవారిపైనను, నిర్వాహకులపైనను కేసు పెట్టిరి. మేజిస్ట్రేటు శిక్ష విధించెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. రాష్ట్రప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన ఆట యని 1967 నవంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. పడిన ముక్కలను జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఏది ఉంచుకొని యేది విడువవలెనో యోచింపవలెను. మూడుముక్కలాట యట్టిది కాదు. అయినను, క్లబ్బువారు పందెపుటాటవలన లాభము తీసినచో నేరము కాగలదని కూడ ఆ తీర్పే హెచ్చరించినది. తరువాత 2017లో తెలంగాణ ప్రభుత్వము, నేర్పుటాటయైనను డబ్బు పందెము కూడ దని శాసనమును సవరించినది. 2025లో పార్లమెంటు ఆన్‌లైను డబ్బాటల నన్నిటిని నిషేధించుచు చట్టము చేసినది.

ఇక పోకరు మాట. నేడు ప్రసిద్ధమైన టెక్సాస్ హోల్డెం పద్ధతిలో ఆటగాని చేతికి రెండే ముక్కలు. బల్లపై అందఱికి ఉమ్మడిగా అయిదు. 52 ముక్కలలో రెండింటిని పొందు విధములు 1,326. రెండును ఆసులైనవి ఆరు మాత్రమే, అనగా 221 పంపకములకు సగటున ఒక్కసారి. కావున మంచి ముక్కలకై కాచుకొనుట చాలదు. ఎదుటివాడు పందెము పెంచు తీరును, వాని మౌనమును చూచి, వాని చేతిలో నున్నదాని నూహింపవలెను.

ఈ విద్యలో స్టూ ఉంగర్‌ను మించినవా డరుదు. 1953లో న్యూయార్కులో జన్మించి, మొదట మన రమ్మీకి దాయాదియైన జిన్ రమ్మీలో ఆరితేఱెను. ఆ యాటలో తనతో కూర్చుండువారు కఱవగుటచే పోకరునకు మరలెను. లాస్ వేగాసులోని ప్రపంచ పోకరు పోటీలో 1980, 1981 సంవత్సరములలో ప్రధాన విజయ మందెను. పిదప మత్తుమందులును, అప్పులును అతనిని క్రుంగదీసినవి. పదునాఱేండ్లకు, 1997లో, మూడవసారి గెలిచెను. గెలిచినవేళ తన కూతురి పటమును అందఱికిని చూపెను. ఇంతటి చరిత్ర చదివినపుడు మేమును చేతులు జోడించినవారమే.

కాని ఆ పోటీకి కట్టవలసిన 10,000 డాలర్లు అతనియొద్ద లేకపోయెను. వేఱొకడు కట్టెను, బహుమానమైన పదిలక్షల డాలర్లలో సగము వానికే పోయెను. మిగిలినదానిని ఇతర పందెములును, మత్తుమందులును కొలదినెలలలోనే మ్రింగినవి. 1998 నవంబరులో లాస్ వేగాసులోని చవుకబసలో నలువదియైదేండ్ల ప్రాయమున అతడు మరణించెను. అంత్యక్రియలకు పరిచితులు చందా వేసికొనవలసివచ్చెను.

ఇది యొక్కని దౌర్బల్యమే యని కొందఱనవచ్చును. అయినచో లెక్కయే చూతము. పోకరుబల్లపై ధనము పుట్టదు. ఒకడు గెలిచినది వేఱొకడు పోగొట్టుకొన్నదే. అందుండి ఆట నడపువాడు తన వంతు తీసికొనును. కావున ఆడువారందఱిని కలిపి చూచినచో మిగులునది నష్టమే. గెలిచినవాని పటము పత్రికల కెక్కును. ఓడినవారి గోడు వారి యింటివారికే తెలియును. పద్యము తప్పిన అవధాని సభలో మెప్పు కోల్పోవును గాని, అతని యాలు పుస్తె లమ్ముకొన నక్కఱలేదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లవాని కుతూహలమును అణపవలదు. దానిని గణితమునకు మరల్పుడు. 1,326 ఎట్లు వచ్చెనో వానిచేతనే కట్టింపుడు. మేము బడిలో సంభావ్యతను పేకముక్కలతోనే బోధించుచున్నాము. పిల్లలు తొందరగానే గ్రహించుచున్నారు. ఇంట ఆడుదు రేని పందెము చింతగింజలను దాటనీయకుడు. చింతగింజలతో గెలిచినవాని నేర్పును నేర్పే. ఉంగరునందు మెచ్చదగినదంతయు ఆ గింజలతోనే నేర్చుకొనవచ్చును.