మత్తడి దాటని డేటా

వాన పడ్డచోటే నీరు ఆగాలి. పొలానికి పారగా మిగిలింది మత్తడి దుంకి కింది చెరువుకు పోవాలి. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల లెక్క ఇంతే. ఏ తూము ఎప్పుడెత్తాలో నీరటికాడు చూసుకునేవాడు. అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన నల్లగండ్ల చెరువు గట్టున నిలబడితే, ఇంజినీర్లు ఫాగ్ కంప్యూటింగ్ అంటున్నది దీన్నే కదా అనిపిస్తుంది. కెమెరా, మీటరు, లిఫ్టు పుట్టించే డేటాను దూరాన ఉన్న డేటా సెంటర్‌దాకా మోయకుండా దగ్గర్లోని చిన్న కంప్యూటర్ పెట్టెలోనే తేల్చేయడం.

మనకిది మరీ కొత్తా? రైల్వే రిజర్వేషన్ చూడండి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఎవరి ప్రాంతం లెక్క వారే చూసుకునేవి. ఐదూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చింది 1999 ఏప్రిల్‌లో. డేటా లైన్లు బలహీనం కాబట్టి పని దగ్గర్లోనే జరగాల్సి వచ్చింది. నా లెక్కలో ఫాగ్‌కు తాత అదే.

తర్వాత గాలి దూరపు డేటా సెంటర్ల వైపు మళ్లింది. లైన్లు బాగుపడేకొద్దీ అంతా క్లౌడ్‌లోకి ఎక్కింది. అమెజాన్ క్లౌడ్ 2010లో సింగపూర్‌కు, 2016లో ముంబైకి, 2022 నవంబరులో హైదరాబాద్‌కే వచ్చింది. మబ్బు మెల్లగా కిందికి దిగుతోందన్నమాట.

నేలను తాకిన మబ్బే పొగమంచు. చిన్న సర్వర్లను జనం దగ్గరికి తేవాలని కంప్యూటర్ శాస్త్రవేత్త మహాదేవ్ సత్యనారాయణన్ బృందం 2009లో అంటే, 2012లో నెట్‌వర్క్ కంపెనీ సిస్కో పరిశోధకులు ఫాగ్ అని పేరు పెట్టారు. 2015లో ఓపెన్‌ఫాగ్ కన్సార్టియం, 2018లో ఐఈఈఈ ప్రమాణం, 2019లో కన్సార్టియం మరో సంస్థలో విలీనం. పేరు పాతబడింది, ‘ఎడ్జ్’ అన్న మాట నిలిచింది. పేర్ల మోజు ఈ రంగానికి కొంచెం ఎక్కువే.

అసలు చిక్కు నీరటికాడి పనిలో ఉంది. లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారన్న అలారం క్షణం ఆగకూడదు. నీళ్ల మీటరు రీడింగు రేపు పోయినా పర్వాలేదు. ఏ సర్వీసు ఏ పెట్టెలో నడవాలి, పెట్టె నిండితే ఏది పైకి పోవాలి అన్నది ఎప్పటికప్పుడు తేల్చాలి. దీన్ని కంప్యూటర్‌లోనే నడిపి ఆలస్యం, నెట్‌వర్క్ భారం, కరెంటు ఖర్చు కొలిచి చూసేందుకు మెల్‌బోర్న్‌లో రాజ్‌కుమార్ బుయ్యా బృందం 2016లో ఐఫాగ్‌సిమ్ అనే పనిముట్టు తెచ్చింది.

కరెంటు దగ్గరే నాకు పేచీ. బ్యాటరీ సెన్సరుకు లెక్క కట్టడం కన్నా రేడియోలో పంపడమే ఎక్కువ ఖర్చు. కనుక దగ్గర్లో తేల్చి, తక్కువ పంపి, మిగతా సమయం నిద్రపోతే మేలే. కానీ పెట్టె సంగతి వేరు. మామూలు సర్వరు ఖాళీగా ఉన్నా పూర్తి పనిలో తాగే కరెంటులో చెప్పుకోదగ్గ వాటానే తాగుతుంది. డేటా సెంటర్లు ఒకే యంత్రం మీద ఎందరి పనో సర్దుతాయి. వీధికో పెట్టె పెడితే రాత్రంతా అన్నీ మేలుకునే ఉంటాయి, కరెంటు పోతే జనరేటర్ మీద కూడా. పనిని రెండు పెట్టెల్లోకి సర్ది మిగతావాటిని పడుకోబెట్టనంతవరకూ ఫాగ్ కరెంటు మిగులుస్తుందన్న మాట సగం నిజమే.

ఈసారి అపార్ట్‌మెంట్ మీటింగులో కరెంటు బిల్లు చర్చకొస్తే, సెక్యూరిటీ గదిలో రాత్రింబవళ్లు మినుకుమనే ఆ పెట్టె ఎన్ని వాట్లు తాగుతోందో అడగండి.