అంకెలనుండి వెలుగు, నాదము

1958లో బెల్జియం రాజధానియైన బ్రస్సెల్స్ నగరములో ప్రపంచ ప్రదర్శన జరిగినది. అందు ఫిలిప్స్ కంపెనీ తన సరుకులను వరుసగా పేర్చి చూపుటకు బదులు, కాంతితోను ధ్వనితోను ప్రేక్షకులను ముంచెత్తదలచినది. మండప నిర్మాణ భారమును లె కార్బూసియే అను వాస్తుశిల్పికి అప్పగించినది. ఆయన అప్పటికి మన చండీగఢ్ నగర నిర్మాణములో మునిగియుండెను. అందుచే మండపమునకు రూపకల్పన చేయు పని చాలవరకు ఆయన కార్యాలయములోని ఇంజనీరు యానిస్ జెనాకిస్‌పై పడినది.

జెనాకిస్ గ్రీకు జాతీయుడు, సంగీతకర్త కూడ. 1944-45 శీతకాలములో ఏథెన్సు వీధిపోరాటమున గాయపడి ఎడమకంటి చూపు కోల్పోయి, 1947లో పారిస్ చేరెను. వాయులీనముపై ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు నాదమును అతడు గ్రాఫు కాగితముపై సరళరేఖగా గీసెడివాడు. అట్టి రేఖలు అనేకము చేరినచో వంపు తిరిగిన తలము ఏర్పడును. రెండు పుల్లల మధ్య సమదూరములో దారములు బిగించి, ఒక పుల్లను మెలిత్రిప్పి చూచినచో విద్యార్థులకు ఈ సంగతి సులభముగా బోధపడును. మండపపు గోడలు ఇట్టి తలములే.

లోపల ఎడ్గార్ వారేజ్ కూర్చిన సంగీతము 300కు పైగా లౌడుస్పీకర్లద్వారా 8 నిమిషములపాటు గోడలవెంట పరుగెత్తెడిది. ఏ శబ్దము ఎచటినుండి రావలెనో, ఏ దీపము ఎప్పుడు వెలుగవలెనో మరియొక టేపుపైని సంకేతములు నిర్ణయించెడివి. ప్రదర్శన ముగిసిన పిమ్మట, 1959 జనవరిలో, మండపమును కూల్చివేసిరి. సంగీతపు టేపు మిగిలినది. అది మ్రోగిన ఇల్లు మిగులలేదు. రూపకల్పన ఘనత ఎవరిదను వివాదము కూడ పుట్టి, జెనాకిస్ ఆ ఏడే కార్యాలయమును వీడెను.

అయినను ఆ ఆలోచనను అతడు విడువలేదు. 1967లో కెనడాలోని మాంట్రియల్‌లో ఉక్కుతీగలపై 1,200 దీపములు అమర్చెను. రంధ్రములు పొడిచిన ఫిల్ముగుండా ప్రసరించిన కాంతిని విద్యుత్ నేత్రములు గుర్తించి ఆ దీపములను నడిపినవి. 1972లో పారిస్‌లోని క్లూనీ రోమక స్నానశాలలో సంకేతములు పూర్తిగా అంకెల రూపము దాల్చినవి. అచట 600 మెరుపుదీపములు, 3 లేసర్ కిరణములు ఉండెను. దీపములస్థితి సెకనుకు 25 మారులు మారవచ్చును. ప్రదర్శన 24 నిమిషములు, అనగా 1,440 సెకనులు. కావున 36,000 క్షణములు. ఒక్కొక్క దీపమునకు ప్రతి క్షణమున 'వెలుగుము' అనుటకు 1, 'ఆరుము' అనుటకు 0 వ్రాసినచో, దీపములకే 2,16,00,000 ఆజ్ఞలు కావలెను! చేతితో వ్రాయుట అసాధ్యము. నియమములను మనిషి ఏర్పరచెను. లెక్కను కంప్యూటరు చేసెను.

తరువాతి తరమువారు మరియొక అడుగు ముందుకు వేసిరి. జపాను దేశీయుడైన ర్యోజి ఇకేడా 2019లో వెనీసులో ప్రదర్శించిన కృతికి అంకెలు కళకొరకు పుట్టినవి కావు. అవి సెర్న్, నాసా సంస్థల పరిశోధనలనుండి, మానవ జన్యుపటమునుండి సేకరించిన దత్తాంశములు. పరమాణువునుండి విశ్వమువరకు గల కొలతలు పెద్ద తెరపై కదలు చిత్రములై, నాదములై ప్రేక్షకుని ఆవరించినవి.

ఇచట ఉపాధ్యాయులు ఒక భేదమును గుర్తింపజేయవలెను. గ్రాఫును చూచి మూలసంఖ్యను తిరిగి రాబట్టవచ్చును. ఇట్టి కృతినుండి అది సాధారణముగా సాధ్యము కాదు. ఒక అంకెను తెల్లని గీతగా చూపుటయా, సన్నని నాదముగా వినిపించుటయా అనునది కళాకారుని ఇష్టము. కొలత శాస్త్రమునిచ్చినది, ఎంపిక మనిషిది.

బ్రస్సెల్స్ మండపమును ఈ శతాబ్ది ఆరంభమున పరిశోధకులు పాత చిత్రపటములు, టేపుల ఆధారముతో కంప్యూటరులో తిరిగి నిర్మించిరి. కన్నులకు తెర తగిలించుకొని ఆ కాంతిని చూడవచ్చును, ఆ నాదమును వినవచ్చును. అయినను 1958లో వందలమంది ఒకే చీకటిలో ప్రక్కప్రక్కన నిలిచి తల పైకెత్తి చూచిన అనుభవము ఏ టేపుపైనను నమోదు కాలేదు.