ధాత కరువు తర్వాత వచ్చిన తాత

మా ఇంట్లో పిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలిసిన కథ ఇది. ధాత కరువులో మా తాతగారి తాత రెండు ఎద్దులు తోలుకొని కదిరి వైపు నుంచి బాగేపల్లి దగ్గరికి వచ్చేశాడట. అవ్వ చెప్పింది, అవ్వకు వాళ్ళ అత్త చెప్పింది.

ధాత నామ సంవత్సరం అంటే 1876-77. దాని తర్వాత ఈశ్వర, 1877-78. ఆ కరువు కదిరినే కాదు, మైసూరు సీమనూ వదల్లేదు. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానంలో 50 లక్షల పైచిలుకు మంది ఉంటే, 1881 నాటికి 42 లక్షల లోపే మిగిలారు. ఒక కరువు నుంచి పారిపోయి ఇంకో కరువులోకి ఎందుకొస్తాడు?

జవాబు పాత ట్రంకుపెట్టెలో ఉన్న లెక్కల పుస్తకంలో కొంత దొరికింది. బాగేపల్లి తాలూకాలో ఆయన కందాయం కట్టిన మొదటి పద్దు ప్రమాది సంవత్సరంలో ఉంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి అది 1819 కావచ్చు, 1879 కావచ్చు, 1939 కావచ్చు. 1939కి మా తాతగారే ఇంటిపెద్ద. 1819కి ఆయన తాత పుట్టి ఉండే వీల్లేదు. కాబట్టి 1879-80 అనే మా లెక్క. అంటే ధాత పోయిన మూడేళ్ళకు.

ఆయన కరువులో కాక, కరువు తర్వాత వచ్చాడని మాకు అనిపిస్తోంది. మనుషులు పోయి, ఊళ్ళు పలచబడి, చేలు బీడు పడ్డాయి. సర్కారుకు కందాయం రావాలంటే దున్నేవాడు కావాలి. ఎద్దులున్నవాడికి అదే అదను. ఈ మాట చెప్పడం మాకు కొంచెం కష్టంగానే ఉంది. మేము ఇన్ని తరాలు తిన్న చేను అంతకు ముందు ఎవరిది? చింతామణిలో ఉన్న మా చిన్నమ్మ మాత్రం, "ఆయనా ఆకలితోనే వచ్చాడు కదరా" అంటుంది. అదీ నిజమే.

భాష మాత్రం ఆయనకు అడ్డం కాలేదు. చింతామణి తాలూకా కైవారంలో నారేయణ తాతయ్య అంతకు ఎన్నో ఏళ్ళ ముందే తెలుగులో పదాలు పాడాడు.

ఇలా వెతికేవాళ్ళు జిల్లా పేర్లు చూసుకోవాలి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి 2007 దాకా కోలారు జిల్లావే. కదిరి 1910 దాకా కడప జిల్లాలో ఉండేది, అనంతపురంలో కాదు. ఇంకో చిక్కు ఇంటిపేరు. ఇక్కడి కన్నడ లెక్కల్లో శ్యానుభోగులు మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు రాసేవారు. ఇంటిపేరు చాలాచోట్ల జారిపోయింది. ఇంటిపేరు నిలిస్తే ఎంత మేలో చూడాలంటే సర్ ఎం. విశ్వేశ్వరయ్యగారే ఉన్నారు. పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో, అయినా ఆ "ఎం" మోక్షగుండం, గిద్దలూరు వైపు ఊరు. అంతటి ఆయన పుట్టిన సంవత్సరం కూడా ఒకచోట 1860 అనీ, ఇంకోచోట 1861 అనీ అచ్చయింది!

మా చేనుకు ముందున్న పేరు ఇంకా దొరకలేదు. పాత కన్నడ లెక్కలు కూడబలుక్కొని చదువుతున్నాం. మన లిపికి దగ్గరిదే, తలకట్టు అలవాటైతే చాలు. చిన్నమ్మ వాళ్ళ అటక మీద ఇంకో పెట్టె ఉందట. ఉగాదికి వెళ్ళినప్పుడు దించుతాం.