జరీవాలా ఇంటి హరిభాయ్

సూరత్‌కు ఆగ్నేయంగా ఉధ్నా దాటి డిండోలి వైపు వెళ్తే తెలుగు చెవిన పడుతుంది. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ల కబుర్లలో, కూరగాయల బండి దగ్గర బేరాల్లో కరీంనగర్ యాస, నల్లగొండ యాస, వరంగల్ యాస కలగలిసి వినిపిస్తాయి. బట్టల మిల్లులనూ మగ్గాలనూ నమ్ముకుని వచ్చిన పద్మశాలి కుటుంబాలు డిండోలిలో, లింబాయత్‌లో, ఉధ్నాలో తరాలుగా కాపురం ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉందంటే ఈ జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. వీళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు. అది గుజరాతీ మాట. సిరిసిల్లలోనూ ఇదే మాట నడుస్తుంది. పని కోసం మనుషులు ఎటు వెళ్లారో, తిరిగి ఏం తెచ్చుకున్నారో ఆ ఒక్క మాట చెబుతుంది.

సాంచాల చప్పుడు రాకముందు సూరత్‌కు పేరు తెచ్చింది జరీ. వెండి తీగను వెంట్రుకంత సన్నగా లాగి, రేకులా నొక్కి, పట్టు దారం చుట్టూ చుట్టి, దాని మీద బంగారు పూత పూసేవారు. ఇప్పుడు రాగి మీద వెండి పూతతో చేసేదీ, ప్లాస్టిక్ జరీ కూడా వచ్చాయనుకోండి. గద్వాల కొంగుకూ వెంకటగిరి అంచుకూ ఆ మెరుపు చాలాకాలంగా సూరత్ నుంచే వస్తోంది. పెళ్లి చీర మడత విప్పిన తెలుగింటి ఆడపిల్ల, తనకు తెలియకుండానే సూరత్ పనితనాన్ని వేళ్లతో తడుముతోంది. ఈ పనిలో, ఈ వ్యాపారంలో ఉన్న కుటుంబాలకు జరీవాలా అన్నది ఇంటిపేరయింది.

అలాంటి ఒక ఇంట్లో 1938 జులై 9న హరిహర్ జేఠాలాల్ జరీవాలా పుట్టాడు. దేశం అతన్ని సంజీవ్ కుమార్ అని పిలిచింది. దగ్గరివాళ్లకు మాత్రం చివరిదాకా హరిభాయే.

చిన్నతనంలోనే కుటుంబం బొంబాయి చేరింది. అక్కడ హరి ఇప్టా నాటక సంస్థలోకి వెళ్లాడు. ‘డమరు’ అనే నాటకంలో నటుడు ఎ.కె. హంగల్ అతనికి అరవై ఏళ్ల ముసలాయన వేషం ఇచ్చారు. అప్పటికి హరికి ఇరవై పైచిలుకు. కుర్రవాడి మొహం మీద ముసలితనం కనిపెట్టిన ఆ హంగల్‌గారి చూపు ఎంత పదునైనదో తర్వాతి పాతికేళ్లు రుజువు చేశాయి. ఆ వయసులో నటులు జుట్టు దువ్వుకుని హీరో వేషాల కోసం స్టూడియోల చుట్టూ తిరుగుతారు. హరిభాయ్ మాత్రం జుట్టుకు తెల్లరంగు పూసుకోవడానికి ఎప్పుడూ వెనకాడలేదు.

ఫిల్మాలయ నటనా పాఠశాలలో చేరి, 1960లో ‘హమ్ హిందూస్తానీ’లో చిన్న వేషంతో తెర మీదికి వచ్చాడు. 1965లో ‘నిశాన్’తో కథానాయకుడయ్యాడు. 1968లో ‘సంఘర్ష్’లో దిలీప్ కుమార్ ఎదురుగా నిలబడి, ఆయనతో సమానంగా చూపులు కలిపినప్పుడు బొంబాయి అతన్ని గమనించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసులో ఉన్న ఒక తెలుగాయన కూడా అతన్ని గుర్తించారు. ఆయన ఎల్.వి. ప్రసాద్. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, సినిమా పిచ్చితో బొంబాయి చేరి, నానా కష్టాలు పడి దర్శకుడూ నిర్మాతా అయిన మనిషి. 1931లో వచ్చిన తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో ఆయనదొక చిన్న వేషం. అదే ఏడాది తమిళ ‘కాళిదాస్’లోనూ, మరుసటి ఏడు తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనూ కనిపించారు.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ‘ఆలం ఆరా’లో కథానాయిక జుబేదాది సూరతే. ఆమె తల్లి ఫాత్మా బేగం 1926లోనే సినిమాకు దర్శకత్వం వహించింది. మన దేశంలో ఆ పని చేసిన తొలి మహిళ ఆమే. జుబేదా తర్వాత హైదరాబాద్‌కు చెందిన రాజా ధన్‌రాజ్‌గీర్‌ను పెళ్లాడి ఆ ఇంటి కోడలయింది. భారతీయ సినిమా మొదటిసారి నోరు విప్పినప్పుడు ఆ తెర మీద సూరత్ పిల్ల ఒకరు, ఏలూరు కుర్రాడు ఒకరు ఉన్నారు. డిండోలి తెలుగు పిల్లలకు బడిలో ఈ సంగతి చెప్పితీరాలి.

మళ్లీ హరిభాయ్ దగ్గరికి వస్తాను. 1968లో ప్రసాద్ నిర్మాతగా, కె. ప్రత్యగాత్మ దర్శకుడిగా ‘రాజా ఔర్ రంక్’ వచ్చింది. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ రాసిన యువరాజు, బీదపిల్లాడి కథ అది. తెలుగువాళ్లు దాన్ని 1954లోనే ‘రాజు-పేద’గా చూసేశారు. అందులో క్రూరుడైన తండ్రి పోలిగాడుగా ఎన్టీఆర్ వేసిన వేషం పాతతరం ఇంకా మరవలేదు. ‘రాజా ఔర్ రంక్’లో సంజీవ్ కుమార్‌కు పెద్ద వేషం దక్కింది. మరుసటి ఏడు ప్రసాద్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘జీనే కీ రాహ్’లోనూ ఉన్నాడు. దానికి మూలం అక్కినేని, సావిత్రి నటించిన ‘బ్రతుకు తెరువు’.

మూడోది 1970లో వచ్చిన ‘ఖిలౌనా’. నా లెక్కలో సంజీవ్ కుమార్ జీవితాన్ని మలుపు తిప్పిన సినిమా ఇదే. దీనికి మూలం 1963లో ప్రత్యగాత్మ తీసిన ‘పునర్జన్మ’. అందులో అక్కినేని మతి చలించిన యువకుడిగా నటించారు. ప్రేమించిన పిల్ల కళ్లముందే పోవడంతో మనసు చెదిరిన కొడుకు. వాణ్ణి బాగుచేయడానికి ఇంటివాళ్లు డబ్బిచ్చి తెచ్చిన నాట్యగత్తె. ఇంత కరుణరసం ఉన్న కథలో పిచ్చివాడి వేషం కత్తి మీద సాము. కాస్త ఎక్కువ చేస్తే జనం నవ్వుతారు, తక్కువ చేస్తే కథే నిలబడదు. హిందీలో ఆ వేషాన్ని ప్రసాద్ అప్పటికి పెద్ద తారలెవరికీ ఇవ్వలేదు, సంజీవ్ కుమార్‌కు ఇచ్చారు. నటించింది ముంతాజ్ పక్కన. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు ‘ఖిలౌనా’కు వచ్చింది, ఉత్తమ నటి ముంతాజ్. సంజీవ్ కుమార్‌కు ఆ అవార్డు రాకపోయినా, ఇతను ఏ వేషమైనా మోయగలడన్న నమ్మకం మాత్రం పరిశ్రమకు కుదిరింది. అదే ఏడాది రాజిందర్ సింగ్ బేదీ తీసిన ‘దస్తక్’కు జాతీయ ఉత్తమ నటుడయ్యాడు.

‘పునర్జన్మ’, ‘ఖిలౌనా’ రెంటినీ వెంటవెంటనే చూసినవాళ్లకు ఒక తేడా తెలుస్తుంది. అక్కినేని పిచ్చిలో ఒక లయ ఉంటుంది, పద్యం చదివినట్టు. సంజీవ్ పిచ్చిలో పసితనం ఎక్కువ. ముద్ద కోసం మారాం చేసే పిల్లాడి మొహం అది. ఏది గొప్పదని తేల్చడం నాకు ఇష్టం లేదు. ఒకే కథను ఇద్దరు పెద్ద నటులు రెండు దారుల్లో నడిచారని మాత్రం చెప్పగలను.

అక్కినేనితో అతనికి ఇంకో పోలిక కూడా ఉంది. శివాజీ గణేశన్ తమిళంలో తొమ్మిది వేషాలు వేసిన ‘నవరాత్రి’ని 1966లో తెలుగులో అక్కినేని చేశారు, తాతినేని రామారావు దర్శకత్వంలో. 1974లో ‘నయా దిన్ నయీ రాత్’ పేరుతో ఆ తొమ్మిదీ సంజీవ్ కుమార్ మీద పడ్డాయి. మూడు భాషల ప్రేక్షకులు ముగ్గురు నటులకు పెట్టిన ఒకే పరీక్ష అది.

1972లో గుల్జార్ తీసిన ‘కోశిశ్’ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. చెవిటి, మూగ భార్యాభర్తల కథ. సంజీవ్ కుమార్, జయా భాదురి సినిమా పొడుగునా ఒక్క మాట మాట్లాడరు. మాట లేని నటుడికి మిగిలేవి కళ్లు, వేళ్లు, భుజాలు. వాటితోనే అతను కోపగించుకుంటాడు, పరాచికాలాడతాడు, బిడ్డ కోసం కుమిలిపోతాడు. జాలి పుట్టించడానికి ఎక్కడా ప్రయత్నించడు. ఆ దంపతులు మన పక్కింటివాళ్లే అన్నంత మామూలుగా ఉంటాడు. రెండో జాతీయ అవార్డు దానికి వచ్చింది.

మూడేళ్లకు ‘షోలే’లో ఠాకూర్ బల్‌దేవ్ సింగ్‌గా మరో పరీక్ష. ఈసారి మాట ఉంది, చేతులు లేవు. కప్పుకున్న శాలువా, బిగిసిన దవడ, రెప్ప వేయని చూపు. అప్పటికి అతని వయసు 37. జయా భాదురి ఈ సినిమాలో అతని కోడలు. ‘కోశిశ్’లో భార్య, అదే ఏడాది ‘పరిచయ్’లో కూతురు, 1973లో ‘అనామిక’లో ప్రియురాలు. ఒకే నటికి నాలుగు వరుసల్లో ఎదురుగా నిలబడి నాలుగింటినీ నమ్మించాడు. 1978 నాటి ‘త్రిశూల్’లో శశి కపూర్‌కు తండ్రిగా వేశాడు. శశి కపూర్ పుట్టింది 1938 మార్చిలో. కొడుకే తండ్రి కంటే నాలుగు నెలలు పెద్ద!

సత్యజిత్ రే 1977లో ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లో చదరంగం పిచ్చి పట్టిన జాగీర్దారుగా అతన్ని తీసుకున్నారు. ‘ఆంధీ’, ‘అర్జున్ పండిత్’ సినిమాలకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడి అవార్డులు వచ్చాయి. ‘అంగూర్’లో షేక్‌స్పియర్ కథలో ఇద్దరుగా నవ్వించాడు. మన తెలుగువాళ్లు కూడా అతన్ని వదల్లేదు. దాసరి నారాయణరావు తన ‘స్వర్గం నరకం’ను 1978లో ‘స్వర్గ్ నరక్’గా తీసినప్పుడు అతను ఉన్నాడు. బాపు ‘మనవూరి పాండవులు’లో కృష్ణుడి పాత్రను కృష్ణంరాజు వేస్తే, అదే కథను 1980లో బాపు ‘హమ్ పాంచ్’గా తీసినప్పుడు ఆ కృష్ణుడు సంజీవ్ కుమారే.

తెర మీద అన్నిసార్లు ముసలివాడైన మనిషికి నిజమైన ముసలితనం రాలేదు. తమ ఇంట మగవాళ్లు యాభై దాటరన్న భయం అతన్ని వెంటాడేదని సన్నిహితులు చెబుతూ వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. గుండెపోటు వచ్చాక అమెరికా వెళ్లి బైపాస్ చేయించుకున్నాడు. 1985 నవంబరు 6న బొంబాయిలో రెండో గుండెపోటు అతన్ని తీసుకుపోయింది. వయసు 47. కె. ఆసిఫ్ ఎప్పుడో 1963లో గురుదత్‌తో మొదలుపెట్టిన ‘లవ్ అండ్ గాడ్’ గురుదత్ పోయాక సంజీవ్ చేతికి వచ్చింది. 1971లో ఆసిఫ్ కూడా పోయారు. చివరికి 1986లో ఆ సినిమా విడుదలయ్యేనాటికి ముగ్గురిలో ఒక్కరూ లేరు. సంజీవ్ సినిమాలు అతను పోయిన తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. ఆఖరిది ‘ప్రొఫెసర్ కీ పడోసన్’, 1993లో.

సూరత్ అతన్ని మరవలేదు. అడాజణ్-పాల్ ప్రాంతంలో నగరపాలక సంస్థ కట్టిన సంజీవ్ కుమార్ ఆడిటోరియం ఉంది. 2013లో తపాలా శాఖ అతని బొమ్మతో స్టాంపు తెచ్చింది. డిండోలిలోని తెలుగు సంఘాల పెద్దలకు నాదొక విన్నపం. పండగలప్పుడు మీరు ఎలాగూ తెలుగు సినిమాలు వేస్తారు. వచ్చే జులై 9న, హరిభాయ్ పుట్టినరోజున, పొద్దున ‘పునర్జన్మ’, సాయంత్రం ‘ఖిలౌనా’ వేయండి. గుజరాతీ ఇరుగుపొరుగును కూడా పిలవండి.